టాటానగర్‌లో లేని మూడో అవుటు

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా స్టాఫు రూములో అందరిదీ ఒకటే ప్రశ్న. ఉక్కు కార్ఖానా చూశావా, రాత్రిళ్ళు ఆకాశం ఎర్రబడుతుందట నిజమేనా అని. నిజమే, ఎర్రబడుతుంది. ఆకాశం సంగతి అలా ఉంచండి, నా మొహం ఇంకా ఎర్రగానే ఉందని మా హెడ్మిస్ట్రెస్ అంటోంది. ఉండదా మరి! పది రోజుల క్రిస్మస్ సెలవల్లో హాయిగా అక్క ఇంట్లో తిని పడుకుని రావలసినదాన్ని, ఊరు కాని ఊళ్ళో పెద్దమనుషులతో తగువు పడి వచ్చాను. చూడనివాళ్ళ కోసం ఆ ఊరి ముచ్చట్లు రాస్తాను కాని, తగువు సంగతి రాకుండా రాయడం మాత్రం నా వల్ల కాదు.

నేను విజయనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మా అక్క పైడమ్మని మా వైపు మాటలో అప్ప అంటాం; అప్ప మొగుడు సూర్యనారాయణ బావ టాటానగర్‌లో, అంటే జంషెడ్‌పూర్ స్టేషనులో, లోకో షెడ్డు ఫిట్టరు. అక్కడి తెలుగువాళ్ళు కొందరు కలిసి చేతి చమురు వదుల్చుకుని పిల్లలకి సాఫ్ట్‌బాల్ పోటీలు నడుపుతున్నారు. బావే కార్యదర్శి. "ఈ ఆట తెలిసిన మనిషివి మన చుట్టాల్లో నువ్వొక్కదానివే, ఫైనలుకు రా" అని కబురు పెట్టాడు. అంపైరింగ్ చెయ్యడానికి పిలిచాడనుకుని ఈల కూడా పెట్టెలో పెట్టుకున్నాను.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం

బండి మారడానికి ఖరగ్‌పూర్‌లో ఓ పూట కూర్చున్నాను. ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే మా స్కూల్లో పిల్లలకి వేసే శిక్ష పూర్తయినట్టే. పూరీలు, బంగాళాదుంపల కూర కొనుక్కున్నాను. రూపాయిన్నరకి కడుపు నిండింది. కాని ఆ కూరలో పంచదార! కారం తిందామని నోరు తెరిచినవాడికి బెల్లం పెట్టి పంపే దేశం అది.

మన మాట వినబడి ఓ తెలుగు ముసలమ్మ పక్కన చేరింది. టాటాలో కొడుకు దగ్గరికి పోతోందట. నా మీద పల్చటి చీర తప్ప ఏమీ లేకపోవడం చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మా, స్వెట్రు తేనేదేటి? డిసెంబరు నెల్లో టాటా ఎల్తా ఇలాగొచ్చీసినావేటి?"

మా ఊళ్ళో డిసెంబరంటే ఓ దుప్పటి. ఆ లెక్కనే బయల్దేరాను. బండి కదిలాక కిటికీ సందుల్లోంచి వచ్చిన గాలికి పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ముసలమ్మ తన గొంగడిలో సగం నా మీద కప్పి, టాటానగర్ వచ్చేదాకా కోడలి మీద చాడీలు చెప్పింది. గొంగడి కోసం అన్నింటికీ ఊఁ కొట్టాను.

రైల్వే కాలనీ

అప్ప నన్ను చూడగానే బావ రైల్వే కోటు తెచ్చి తొడిగేసింది. ఉన్నన్నాళ్ళూ ఊరంతా మోకాళ్ళ దాకా వేలాడే ఆ నల్లకోటులోనే తిరిగాను. పిల్లలు నన్ను చూసి టికెట్ కలెక్టరని నవ్వుకున్నారు. అక్కడి తెలుగు ఇళ్ళల్లో ఓ తమాషా ఉంది. పెద్దవాళ్ళు తెలుగులో అడుగుతారు, పిల్లలు హిందీలో జవాబిస్తారు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మా అప్ప "అన్నం తింతావేటి?" అంటే, కూతురు "అభీ నహీ", ఇప్పుడే వద్దు, అంటుంది. నాకే రెండు పక్కలకీ మెడ తిప్పలేక నొప్పి పుట్టింది.

ముందు వాళ్ళని మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. పొద్దంతా ఇనుముతో కుస్తీ పట్టి వచ్చి, ఒంటి మీద నూనె మరకలతోనే పిల్లలకి ఆట నేర్పే మనుషులు వాళ్ళు. బ్యాట్లు షెడ్డు వడ్రంగి చెక్కినవి. గ్లౌజులు కొనే తాహతు లేక, వెల్డింగ్ చేసేవాళ్ళు పారేసిన తోలు తొడుగులు తెచ్చి, దూది కుక్కి, పిల్లల తల్లులే దబ్బనాలతో కుట్టారు. ఎవరి గ్లౌజు వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ఆముదం రాసి మెత్తబరుచుకోవాలి. నాలుగు జట్లు మగపిల్లలవి, బిష్టుపూర్, సోనారి లాంటి పేటలవి; ఒకే ఒక్కటి ఆడపిల్లలది, రైల్వే కాలనీది. ఆ ఆడపిల్లల జట్టే ఫైనలుకి వచ్చింది.

వాళ్ళ కెప్టెన్ గౌరి, ఎదురు క్వార్టరు గేటుమాన్ కూతురు, పదమూడేళ్ళది. నన్ను చూడ్డానికి వచ్చి గడప దగ్గరే నిలబడి, "ఆప్ సచ్‌ముచ్ ఖేల్తీ హై?" అంది. నిజంగా ఆడతారా అని. పెరట్లో బంతి వెయ్యమన్నాను. కింది నుంచి చెయ్యి తిప్పి విసిరింది. నా అరచెయ్యి సాయంత్రం దాకా మండింది. అలాంటి మంటైతే ఎంతసేపైనా భరిస్తాను.

అక్కడ నేనెక్కడా చూడని ఒక పద్ధతి ఉంది. అంపైర్లందరూ షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు. ఆదివారం సెలవన్నది చాలామందికి లేదు. అందుకని ఆట మధ్యలో కార్ఖానా సైరను కూస్తే, దాన్ని అక్కడ భోంపు అంటారు, అంపైరు డ్యూటీకి వెళ్ళిపోతాడు. వెళ్తూ వెళ్తూ బంతి తగలకుండా మొహానికి కట్టుకున్న ఇనపతీగల జాలీ విప్పి తర్వాతి మనిషి చేతిలో పెట్టి, ఆట ఎక్కడుందో ఒక్క ముక్కలో చెప్తాడు. వాడు "తీసుకున్నా" అంటాడు. అంతే, డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి ఛార్జి అప్పగించినట్టు. ఆ చెప్పిన మాట మీద ఇంక ఎవరూ నోరెత్తకూడదు.

"మిషన్ల కాడా, ఇంజన్ల కాడా అంతే మరదలా," అన్నాడు బావ గర్వంగా. "దిగినోడి మాట నమ్మకపోతే ఎక్కినోడు పని సెయ్యనేడు."

నాకూ బాగుందనిపించింది. అప్పటికి.

బిష్టుపూర్

శనివారం బావ నన్ను ప్రెసిడెంటు సన్యాసిరావు గారికి చూపించడానికి బిష్టుపూర్ తీసుకెళ్ళాడు. ఆయనకి అక్కడ బట్టల కొట్టుంది. బజారు మా ఊరి గంటస్తంభం సెంటర్లా కాదు, రోడ్లు గీత గీసినట్టుంటాయి, స్కూటర్లు కూడా వరసలో ఆగుతాయి. దారిలో లిట్టీ తిన్నాం. పిండి ఉండలో సెనగపిండి కూరి బొగ్గుల మీద కాల్చి, వంకాయ పచ్చడితో ఇస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడే, చింతపండు లేదు, ఆవనూనె ఘాటు మాత్రం ముక్కులోకెక్కుతుంది. నేను నాలుగు తిన్నానని బావ ఇప్పటికీ చెప్పుకుంటున్నాడట.

సన్యాసిరావు గారు టీ తెప్పించి, రేపు మీరే ముఖ్య అతిథి అన్నారు. అంపైరింగ్ చేస్తానన్నాను. ఆయన బావ వంక చూసి నవ్వారు.

"ఆడోళ్ళు అంపైరింగేటమ్మా? మీకు దండ, కుర్చీ పెట్టించినాం. షీల్డు మీ చేతుల మీదగ ఇద్దురు గాని."

అది మింగాను. తర్వాతి మాట మింగుడు పడలేదు. వచ్చే ఏడాది గోవింద్‌పూర్ కుర్రాళ్ళు కొత్త జట్టు పెడుతున్నారట. వాళ్ళకి గ్లౌజులు కావాలి. ఇంకో సెట్టు కుట్టించే ఓపిక ఎవరికీ లేదు. కాబట్టి రేపు ఆడపిల్లలు గెలిస్తే సరే, ఓడితే వాళ్ళ గ్లౌజులు గోవింద్‌పూర్‌కి పోతాయి, ఆడపిల్లల జట్టు ఇంక ఉండదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడో కుర్రాళ్ళకి సరదా పుడితే ఈ పిల్లల ఆట ముగియాలి!

"ఈ సంగతి ఆ పిల్లలకి తెలుసా?" అని అడిగాను.

"తెలుసు. అందుకే అలాగ ఆడతన్నారు," అన్నాడు బావ. అదేదో మెచ్చుకోలు అన్నట్టు.

ఆదివారం

ఆట తెలియనివాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. బంతి కొట్టిన పిల్ల నాలుగు మూలలూ చుట్టి బయల్దేరిన చోటికి చేరితే ఒక పరుగు. గాల్లో బంతి పట్టేస్తే కొట్టిన పిల్ల అవుటు. ముగ్గురు అవుటైతే జట్టు వంతు ముగిసినట్టు. పరుగులు పలక మీద సుద్దతో రాస్తారు. అవుట్లు మాత్రం అంపైరు నోటిలోనే ఉంటాయి. రాయరేమని అడిగితే, "ఇంతవరకు అవసరం రానేదు" అన్నారు.

ఫైనలు బిష్టుపూర్ కుర్రాళ్ళతో. అంపైరు అప్పలస్వామి, గోవింద్‌పూర్ పక్కన లారీల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, నెమ్మదైన మనిషి. నేను మెళ్ళో బంతిపూల దండతో, ఒంటి మీద రైల్వే కోటుతో, కుర్చీలో బొమ్మలా కూర్చున్నాను. ఆఖరి వంతుకి వచ్చేసరికి కుర్రాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. బ్యాటింగు ఆడపిల్లలది. మొదటి పిల్ల అవుటైంది. రెండోది రమణి, గట్టిగా కొట్టి రెండో మూలకి చేరింది. అప్పుడు కూసింది భోంపు.

మైదానం పక్క రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సు వచ్చి ఆగింది. అప్పలస్వామి జాలీ విప్పి, రాత్రి డ్యూటీ చేసి అరకొర నిద్రతో వచ్చిన రామినాయుడు చేతిలో పెట్టాడు.

"ఆఖరి వంతు, రెండు అవుటు, రెండో మూల మనిషి," అన్నాడు.

"తీసుకున్నా," అన్నాడు రామినాయుడు ఆవలిస్తూ.

అప్పలస్వామి పరుగెత్తి బస్సెక్కాడు. నేను కుర్చీలోంచి లేచేలోపే బంతి పడింది, మూడో పిల్ల కొట్టింది, ఎవరో గాల్లో పట్టారు. రామినాయుడు రెండు చేతులూ పైకెత్తాడు. మూడు అవుట్లు, ఆట అయిపోయింది!

అయిపోలేదు. అది రెండో అవుటు. ఇంకా ఒకటి మిగిలుంది. తర్వాత బ్యాటు పట్టాల్సింది గౌరి. ఆ పిల్ల అప్పటికే బ్యాటుతో నడిచి వస్తోంది, నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఆడపిల్లలంతా "ఏక్ హీ థా! ఏక్ హీ ఆవుట్ థా!" అని, అంతకుముందు ఒకటే అవుటని అరిచారు. బిష్టుపూర్ కుర్రాళ్ళు నేలచూపులు చూశారు. వాళ్ళకీ తెలుసు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా మైదానం మధ్యకి వెళ్ళి, కళ్ళారా చూశాను, బస్సు వచ్చేసరికి ఒకటే అవుటన్నాను.

"రెండని చెప్పి ఛార్జి ఇచ్చినాడమ్మా, నాను తీసుకున్నాను," అన్నాడు రామినాయుడు. పాపం, వాడికి వాడి మాట ఎంత సబబుగా ఉందో!

సన్యాసిరావు గారు నవ్వుతూ వచ్చారు. "ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. ఓడినోళ్ళు ఏటో వొంక సెప్తారు గాని, రండమ్మా, షీల్డు ఇయ్యండి."

దండ తీసి కుర్చీకి వేశాను. షీల్డు ఆ కుర్చీ చేతే ఇప్పించుకోమన్నాను.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర బావ నా మొహం చూడలేదు. "మరియాద తీసీసినావు మరదలా," అన్నాడు చివరికి. "ఛార్జి అయిపోయినాక మాటాడకూడదు."

"బావా, డ్రైవరు ఇంజను ఛార్జి తీసుకున్నాడనుకో. దిగినవాడు బ్రేకు బాగుందన్నాడని చూసుకోకుండా బండి కదిపేస్తాడా?"

అప్ప చారు వడ్డిస్తూ అందుకుంది. "కదపడు. చూసుకునే కదుపుతాడు. ముప్ఫై ఏళ్ళబట్టి నాకు ఈయనే సెప్పినారు."

అదీ సంగతి! ఛార్జి అంటే సగం చెప్పడం, సగం చూసుకోవడం. ఇనుము దగ్గరైతే రెండు సగాలూ కావాలి, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే తమ చెయ్యి తెగుతుంది. పిల్లల దగ్గరైతే ఒక సగం చాలు.

గోవింద్‌పూర్

సోమవారమంతా అప్ప నన్ను ఊరు చూపించడానికి తిప్పింది. సోనారిలో చిన్న విమానం ఒకటి దిగుతుంటే గోడ పట్టుకుని చూశాం. మరొకప్పుడైతే పేజీ రాసేదాన్ని. ఆ రోజు విమానం కూడా నాకు తప్పుగా దిగుతున్నట్టే అనిపించింది.

మంగళవారం పొద్దున్న టెంపోలో గోవింద్‌పూర్ వెళ్ళాను. టెంపో అంటే ఆరుగురు పట్టే బండిలో పదకొండు మంది, ఒక మేక. మేక నా కోటు బొత్తాం ఒకటి తినేసింది. డ్రైవరు మేకకి ఏమైనా అవుతుందేమోనని మేకవాడితో పాటు బెంగపడ్డాడు గాని, నా బొత్తాం గురించి ఎవరూ మాట్లాడలేదు.

అప్పలస్వామి ఇచ్ఛాపురం అవతలి మనిషి. ఇంట్లో సగం తెలుగు, సగం ఒడియా. నన్ను చూడగానే ఎందుకొచ్చానో తెలిసిపోయింది. అతని భార్య పీట వేసి, నీళ్ళు పోసిన చద్దన్నం, కాల్చిన మిరపకాయ, బడి చూర్ణం పెట్టింది. బడి చూర్ణమంటే ఎండిన మినప వడియాలు వేయించి, వెల్లుల్లితో నలగ్గొట్టిన పొడి. ఇంత కోపంలోనూ అది రుచిగా ఉందని ఒప్పుకోవాలి.

"ఎన్ని అవుట్లు అప్పలస్వామీ?" అని అడిగాను.

తల దించుకున్నాడు. "ఒకటేనమ్మా. బస్సు పోతాదన్న తొందర్లో రెండని వచ్చీసింది. బస్సులో కూకున్నాక తెలిసింది."

"మరి వచ్చి చెప్పలేదేం?"

"ఇచ్చీసిన ఛార్జి మీద ఎనక్కి మాటాడితే, రేపు డ్యూటీ కాడ నా మాట మీద ఎవుడమ్మా మిషను ముట్టుకుంతాడు?"

నేను నోరు తెరిచేలోపే అతని భార్య గిన్నె ఠపీమని కింద పెట్టింది. "తప్పు సెప్పీసి, తెలిసీ ఊరుకున్నోడి మాట మీద ఎవుడు ముట్టుకుంతాడు? మనకీ ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఎల్లి సెప్పీ, ఏటి పోద్ది?"

ఆదివారం వచ్చి చెప్తానన్నాడు. గోడ వంక చూస్తూ అన్నాడు గాని, అన్నాడు. తిరిగొచ్చే దారిలో నాకు కోపం తగ్గలేదు. ఒక మనిషి నిజం చెప్పడానికి ఇంతమంది ఆడవాళ్ళు వెంట పడాలా!

మళ్ళీ ఆదివారం

ఆ ఆదివారం గ్లౌజులు అప్పగించే రోజు. ఐదు జట్లూ వచ్చాయి, గోవింద్‌పూర్ కుర్రాళ్ళు కూడా వచ్చారు. అప్పలస్వామి రాత్రి డ్యూటీ దిగి, వాచిన కళ్ళతో తిన్నగా మైదానానికి వచ్చాడు. అందరి ముందూ నిలబడి చెప్పేశాడు.

"ఆరోజు ఒకటే అవుటు. నాను తప్పు సెప్పినాను."

సన్యాసిరావు గారు గొంతు సవరించుకుని, అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకని ఏదో మొదలుపెట్టారు. ఈసారి మా బావ అడ్డుపడ్డాడు. "ఛార్జి తప్పు అని ఇచ్చినోడే సెప్తే, పని ఆగిన కాణ్ణుంచి మొదలెట్టాల. షెడ్డులో అయినా అంతే." బావ మీద నాకు ఆ వారంలో మొదటిసారి గౌరవం కలిగింది.

మళ్ళీ నిలబెట్టారు. రెండు అవుట్లు, రెండో మూల రమణి, బ్యాటు గౌరిది. ఒక్క దెబ్బ బాగా తగిలితే గెలుపు. నేను దేవుళ్ళందరికీ మొక్కాను, మా విజయనగరం పైడితల్లికి రెండుసార్లు మొక్కాను. గౌరి కొట్టింది. అబ్బ, ఏం కొట్టింది! బంతి కుర్రాళ్ళ తలల మీదుగా కంచె దాకా వెళ్ళింది. కంచెకి వీపు ఆనించి ఒక కుర్రాడు పైకెగిరి పట్టేశాడు.

అవుటు. ఈసారి నిజంగా మూడోది. న్యాయంగా ఆడారు, న్యాయంగా ఓడారు.

"సంతోసమేనామ్మా?" అన్నారు సన్యాసిరావు గారు నా వైపు తిరిగి. తర్వాత ఆడపిల్లల వైపు చెయ్యి చాపారు. "ఏదీ, గ్లౌజులు తెండి."

అప్పుడు తెలిసింది నాకు, వారం రోజులుగా నేను ఎంత చిన్న సంగతి మీద కోపం ఖర్చు పెట్టానో. ఒక అవుటు, రెండు అవుట్లు! అసలు ఆడుకోవడానికి ఈ పిల్లలు గెలిచి తీరాలని పెట్టిందెవరు?

"సోనారి కుర్రాళ్ళు ఈ ఏడంతా ఒక్క ఆటైనా గెలిచారా?" అని అడిగాను.

"నేదు," అన్నాడు బావ.

"మరి వాళ్ళ గ్లౌజులు అడిగారా?"

సన్యాసిరావు గారు నన్ను వింతగా చూశారు. దాచుకునేదేమీ లేని మనిషిలా, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "ఆళ్ళు మగపిల్లలు కదమ్మా."

ఆయన మొహంలో పిసరంత చెడ్డతనం లేదు. అదే నన్ను కాల్చేసింది. చుట్టూ అంతమంది మంచివాళ్ళు, రాత్రి డ్యూటీలు చేసి పిల్లల కోసం మైదానానికి వచ్చేవాళ్ళు, ఆ మాటలో తప్పేముందన్నట్టు నిలబడ్డారు.

గౌరి బ్యాటు కింద పెట్టింది. గ్లౌజు చంకలో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ప్రెసిడెంటు గారి మొహంలోకి సూటిగా చూసింది.

"హార్ గయే," అంది. ఓడిపోయాం.

ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది.

"గ్లౌజ్ నహీ దేంగే." గ్లౌజులు ఇవ్వం.

తిరిగి క్వార్టర్ల వైపు నడిచింది. రమణి నడిచింది. ఒక్కొక్కరే మిగిలిన పిల్లలంతా నడిచారు, గ్లౌజులు చంకల్లో పెట్టుకుని. పరుగెత్తలేదు, వెనక్కి చూడలేదు. ఆ గ్లౌజులు కుట్టిన తల్లులు గుమ్మాల్లో నిలబడి పిల్లలకి దారి ఇచ్చి, తలుపులు వేసుకున్నారు.